సత్తెమ్మ పెద్దమ్మకు నచ్చని సినిమా

మొన్న సినిమాహాల్లో ఇంటర్వెల్ దీపాలు వెలిగినప్పుడు, పక్కసీటులోని ఆవిడ సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తిప్పింది. వేయించిన సోంపు వాసన. ఆ తర్వాత తెరమీద ఏ ప్రకటనలు వచ్చాయో నాకు తెలియదు. నాందేడ్‌లో మా పాత ఇంటి వాకిలి, అక్కడ గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకొని, నిన్న చూసిన సినిమాను పొద్దున్నే విచారణకు పెట్టే సత్తెమ్మ పెద్దమ్మ కళ్లముందుకు వచ్చింది. హాల్లో ఏడుపు సీను రాగానే ఆమె అటూ ఇటూ ఉన్నవాళ్లందరికీ సోంపు పంచేది. నోట్లో ఏదైనా ఉంటే ఏడుపు ఆగుతుందని ఆమె నమ్మకం. తాను మాత్రం నములుతూనే ఏడ్చేది.

ఒకే వాకిలి చుట్టూ నాలుగు కుటుంబాలం ఉండేవాళ్లం. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఎదురింటి ఆవిడ. ఆమె భర్తను పెద్దనాయన అనేదాన్ని, రైల్వేలో గుమాస్తా. వారానికొకసారి ఇద్దరూ మ్యాట్నీకి వెళ్లేవాళ్లు. హిందీదైనా మరాఠీదైనా, ఎప్పుడో ఒకసారి వచ్చే తెలుగుదైనా సరే. ఆమె రెప్పవేయకుండా చూసేది. ఆయన మొదటి పాట అయ్యేలోపు నిద్రపోయేవాడు. అయినా మర్నాడు ఇద్దరికీ అభిప్రాయాలుండేవి.

“ఇంటర్వెల్ దాంక మంచిగున్నది. ఆడికెల్లి అంత ఖరాబు జేసిండు,” అనేది పెద్దమ్మ.

“ఏం ఖరాబు? బరాబరే ఉన్నది,” అనేవాడు పెద్దనాయన.

“గురక వెట్టినోనికి ఏం తెలుస్తది?”

“నాకు మంచిగ నిద్రవట్టింది. అంటె ఒర్లుడు, అరుసుడు లేకుండ తీసిండన్నట్టు!”

వాకిలంతా నవ్వేది. ఇద్దరూ ఒక్క మాట తగ్గేవాళ్లు కాదు, ఆ వాదన మధ్యలోనే ఆమె తన చాయ్‌లో సగం ఆయన సాసరులో పోసేది. మా బాపు మాటకు అమ్మ ఎదురుచెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆలుమగలు ఒకరి మాట ఒకరు కాదంటూ కూడా హాయిగా ఉండవచ్చని నేను ఆ వాకిట్లోనే తెలుసుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై దాటలేదు. కుండల్‌వాడిలో ఇచ్చి పెళ్లి చేస్తే, ఏడాది తిరక్కుండానే మా ఆయన బొంబాయిలో పనుందని వెళ్లి మళ్లీ రాలేదు. ఒక్క కబురు లేదు. అత్తవారు నన్ను పుట్టింట్లో దింపి వెళ్లిపోయారు. డెబ్బైల చివరి రోజులవి. మా అమ్మ నన్ను నలుగురి కళ్లబడకుండా లోపలి గదిలోనే ఉంచేది. “పోరి గోడలను సూసి సూసి పిచ్చిదైతది,” అని అమ్మతో కొట్లాడి, పెద్దమ్మే నన్ను మొదటిసారి సినిమాకు తీసుకెళ్లింది. తిరిగి వస్తూ, ఎట్లున్నదే సుమన్ అని అడిగింది. బాగుందన్నాను.

“బాగుందని అందరంటరు బిడ్డా. నీకేమనిపిచ్చింది?”

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు, పెళ్లిచూపుల్లో కూడా. పెద్దమ్మ తొందరపెట్టలేదు. “ఇయ్యాల కాకుంటె రేపు చెప్పు,” అంది. మర్నాడు భయపడుతూనే, హీరో చెల్లెలి పాత్ర నచ్చిందనీ, ఆమెను చివర్లో మరిచిపోయారనీ చెప్పాను. పెద్దమ్మ పెద్దనాయనను కేకేసి మరీ నా మాట వినిపించింది. ఆ రోజంతా నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆ వానాకాలంలో ఒక హిందీ సినిమా ఊరినంతా ఏడిపించింది. అందులో భర్త భార్యను వదిలి పట్నం పోతాడు. ఏళ్ల తర్వాత గడ్డం పెంచుకుని, వానలో తడుస్తూ గుమ్మంలో నిలబడతాడు. ఆమె ఒక్క ప్రశ్న అడగకుండా అతని కాళ్లు కడిగి అన్నం పెడుతుంది. హాలంతా చప్పట్లు. మర్నాడు వాకిట్లో అమ్మ కళ్లు తుడుచుకుంటూ, “ఇల్లాలంటె గట్లుండాలె,” అంది.

“నాకైతె నచ్చలే,” అంది పెద్దమ్మ.

“ఇంటికచ్చిన మొగణ్ణి ఎల్లగొట్టుమంటవా ఏంది?” అన్నాడు పెద్దనాయన.

“ఎల్లగొట్టుమన్ననా? అన్నం పెట్టనీ. కాని ఇన్నొద్దులు ఏడ ఉన్నవు, ఎందుకు పోయినవు అని అడగాలె గదా. ఆమెకు నోరు లేదా?”

ఎవరూ నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్లు పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. అమ్మ చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దీపావళి వెళ్లాక కుండల్‌వాడి నుంచి మా ఆయన మేనమామ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. “పిలగాడు వాపస్ అచ్చిండు. పిల్లను తోలుండ్రి,” అన్నాడు. బాపు అప్పుడే తలూపాడు. అమ్మ నా చీరలు సర్దడానికి లేచింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. వాకిలికి అవతల పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె ఏదైనా అంటుందేమోనని చూశాను. తల ఎత్తలేదు. నా తరఫున ఎవరూ మాట్లాడబోరని అర్థమయ్యాక నా గొంతు నాకే వినబడింది: “ఆయననే రమ్మనుండ్రి. ఏడ ఉన్నడో, ఎందుకు పోయిండో నాతోని చెప్పుమనుండ్రి. అటెన్క చూద్దాం.”

మేనమామ నిర్ఘాంతపోయాడు. “ఎవరు నేర్పిండ్రే నీకు గీ మాటలు?”

వాళ్లు వెళ్లిపోగానే అమ్మ వాకిట్లోకి దూసుకెళ్లి, “నీ సిన్మలు నా బిడ్డ సంసారం కూల్చినయి!” అని పెద్దమ్మను అందరిముందూ తిట్టిపోసింది. పెద్దమ్మ బియ్యం చేట ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ తలుపు పగలు మూసి ఉండటం నేను చూసింది అప్పుడే.

కొన్నాళ్లకు మా ఆయన వచ్చాడు. మంచం మీద కూర్చుని, అడగ్గా అడగ్గా చెప్పాడు. బొంబాయిలో ఇంకొక ఆమెతో ఉన్నాడట, ఆమె వెళ్లగొట్టిందట. “అయిపోయింది గదా, ఇప్పుడెందుకు గదంత?” అన్నాడు విసుగ్గా. ఆ విసుగు విన్నాక నేను వెళ్లనని చెప్పడం కష్టం కాలేదు. లోపల కూర్చుని అంతా విన్న బాపు బయటికి వచ్చి, “నడువు, బస్సుకు టైమైతుంది,” అని అతణ్ణి తానే లేవదీసి తీసుకెళ్లాడు. మరుసటి ఏడు నన్ను టీచర్ ట్రైనింగులో చేర్పించింది కూడా బాపే. భోకర్ బడిలో నాకు ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ కోవా పేడాలు పట్టుకుని వాకిలి దాటి, మొట్టమొదట పెద్దమ్మ నోట్లో పెట్టింది. ఇద్దరూ ఆ ఆదివారం కలిసి మ్యాట్నీకి వెళ్లారు.

పెద్దనాయన పోయాక పెద్దమ్మ సినిమాలు మానేసింది. పక్కన గురక లేకుంటే బొమ్మ మీద మనసు నిలవడం లేదంది. ఒక వేసవి సెలవుల్లో నేనే బలవంతంగా తీసుకెళ్లాను. రిక్షాలో తిరిగి వస్తూ, “మస్తున్నది,” అందామె. నాకు నచ్చలేదన్నాను. హీరోయిన్‌కు అంత తొందరగా కోపం పోవడం అబద్ధంలా ఉందన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. ఇల్లు వచ్చినా ఇద్దరమూ దిగకుండా వాదించుకుంటూంటే, రిక్షావాలా వెనక్కి తిరిగి మరాఠీలో, “మీ సంగతి తేలాక చెప్పండి బాయీ,” అన్నాడు. పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆయన పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

“నాతోని కొట్లాడెటోళ్లు లేకపాయిరి అనుకున్న,” అంటూ నా భుజం పట్టుకుని దిగింది. ఆ చేతి బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉంది. నలుగురూ ఒకే మాట అంటున్నచోట నా మాట వేరుగా ఉందని తోచినప్పుడు, ముందుగా నాకు తెలిసేది ఆ బరువే. ఆ తర్వాతే నోరు తెరుస్తాను.