జవాబు కోసం ఆగే సరోజక్క

ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించి, మూడో ఏడు తానైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంది. నేనే పెద్దమనసు చేసుకుని బయటికొచ్చేశాను. అలాంటివాణ్ని పట్టుకుని మొన్న చెన్నై షోళింగనల్లూరులో ఒక సూపర్‌మార్కెట్ అమ్మాయి అభిప్రాయం అడిగింది. కాగితపు కప్పులో చిట్టి ఇడ్లీ వేసి, మీద వేడి సాంబారు పోసి ఇచ్చింది. కొత్తగా వచ్చిన సాంబారు పొడి అట. దోరగా వేగిన ధనియాల వాసన గుప్పుమంది. "సూపర్‌గా ఉంది కదా సార్?" అంటూనే, నేను నోరు తెరిచేలోపు పక్కాయన వైపు తిరిగిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నేనూ ఒకప్పుడు అలా అడిగినవాణ్నే. ఆ వాసన మాత్రం ఇంటిదాకా వెంటపడి వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని సరోజక్క కూడా వచ్చింది.

సరోజక్క అప్పట్లో ఒక చిన్న మార్కెట్ పరిశోధన కంపెనీలో సూపర్‌వైజరు. జనం ఏ వస్తువు ఎందుకు కొంటారో, ఎందుకు వద్దంటారో ఇంటింటికీ తిరిగి తెలుసుకుని, ఆ వస్తువు తయారుచేసేవాళ్లకు చెప్పడం వాళ్ల పని. తొంభైల మొదట్లో, ఊరి పేరు ఇంకా మద్రాసుగానే ఉన్న రోజుల్లో, నేను వాషర్‌మెన్‌పేటలో చీరల అంగడి సేల్స్‌మన్ని. ఒకరోజు ఆమె మా యజమానిని అడిగి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఒక మూల కూర్చుంది. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రమైనా లేవలేదు. ఒక్క చీరా కొనలేదు. నా నోరు ఊరుకుంటుందా?

"అక్కా, చీర కోసం వచ్చినారా, పరుపు కోసం వచ్చినారా?"

ఆమె నవ్వింది. "ఇందాక ఒకామె ఏమీ కొనకుండా లేచిపోయిందే, ఎందుకంటావు?"

"నచ్చినట్టు లేదక్కా. అంగడి మొత్తం దించి చూపించినా."

"నచ్చింది. నువ్వు మూడో చీర పరిచినప్పుడే ఆమె చెయ్యి దాని మీద ఆగింది. నువ్వు మాట్లాడతానే ఉంటివి, పరస్తానే ఉంటివి. ఆ చీర అడుగున పడిపోయింది. ఏదడగాలో తెలీక లేచిపోయింది, పాపం."

నేను చీరల వైపు చూసేవాణ్ని. ఆమె కొనేవాళ్ల చేతుల వైపు చూసింది. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు గానీ, ఆ రాత్రి అన్నం తింటూ నా భార్య వసంతకు ఈ సంగతే చెప్పాను. వారం తిరక్కుండా సరోజక్క మళ్లీ వచ్చింది. మా ఆఫీసులో మనిషి కావాలి, వస్తావా అంది.

"నాకు చదువు లేదక్కా."

"కాళ్లు, చెవులు ఉండాయి గదా?"

"జతలు జతలుగా ఉండాయి. నోరే రవంత ఎక్కువ."

"దాన్ని నేను చూసుకుంటాలే."

నాకిచ్చిన మొదటి పని సాంబారు పొడిది. అంబత్తూరులో ఒకాయన కొత్తగా పొడి తయారుచేసి, అమ్మకానికి పెట్టే ముందు జనం మాట వినాలనుకున్నాడు. పేరు లేని తెల్ల పొట్లాలు ఇళ్లలో ఇచ్చి, వారం తర్వాత వెళ్లి ఎలా ఉందో అడగాలి. మిగిలిన పొడి వెనక్కి తీసుకోవాలి. నేను వెళ్లాను, నవ్వించాను, అడిగాను. ప్రతి ఇంట్లోనూ అమోఘం అన్నారు. కాగితాలన్నీ అమోఘంతో నింపి తెచ్చి, భుజాలెగరేస్తూ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన రెండు మూడు తిరగేసి, వీడు టీకొట్లో కూర్చుని రాసుకొచ్చాడు, రేపటినుంచి రావద్దని చెప్పండి అన్నాడు. అంగట్లో నా చోటికి అప్పటికే ఇంకొకణ్ని పెట్టుకున్నారు. వసంతకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

"వీడు అబద్ధం రాయలేదు సార్," అంది సరోజక్క. "వీణ్ని చూస్తా చూస్తా బాగాలేదని ఎవురంటారు? ఒక్క వారం నా ఎంబడి తిప్పుకుంటా. అప్పటికీ కుదరకపోతే నేనే పంపించేస్తా."

ఆ మర్నాడు ఇద్దరం, నేను అదివరకు వెళ్లిన ఒక వర్తకుల ఇంటికే వెళ్లాం. ముందుగదిలో అత్తగారు ఉయ్యాలబల్ల మీద ఊగుతోంది. కోడలు మొదటిసారి నాకు చెప్పిన అమోఘాన్నే మళ్లీ చెప్పింది. సరోజక్క తలాడించి, "సరే గానీ, మీ పక్కింటామె అయితే ఇట్లాంటి పొడి కొంటాదంటావా అమ్మా?" అంది.

కోడలు గొంతు తగ్గించింది. "పక్కింటామెకా? ఆశే మేడమ్. అత్తగారు బజారు పొడి ముట్టదు. అందుకని ఆ పిల్ల ఎవురికీ తెలీకుండా తెచ్చుకొని పాత డబ్బాలో పోసుకుంటాది. నేనే దంచినా అని చెప్తాది. చేతులు కాయలు కాసిపోయినాయి, పాపం, ఏం చేస్తాది?"

ఉయ్యాల ఆగింది. అత్తగారు దగ్గింది. సరోజక్క నీళ్లు తాగి, దణ్ణం పెట్టి లేచింది. వీధిలోకి రాగానే నేను ఉత్సాహపడ్డాను. "అక్కా, ఆ పక్కింటామెను కూడా అడిగేస్తామా?"

"పక్కిల్లు చూడు రా."

చూశాను. గుమ్మానికి బూజు పట్టిన తాళం వేలాడుతోంది.

అప్పుడామె చెప్పిన మాటలు ఇవి. మనుషులు తమ గురించి అడిగితే మర్యాద చెప్తారు, పక్కవాళ్ల గురించి అడిగితే నిజం చెప్తారు. అడగడం సగం పని. తక్కిన సగం, అడిగినాక ఊరకుండడం. నిశ్శబ్దం వస్తే నువ్వు భయపడి జోకేస్తావు. ఆ జోకు కింద వాళ్ల జవాబు నలిగిపోతుంది. "నీ జోకు యాడికీ పోదు రా," అంది, "రవంతసేపు జేబులో పెట్టుకో."

వారం చివర్లో తండయార్‌పేటలో, నేను అదివరకు వెళ్లని ఒక ఇల్లు. తలుపు తీసిన పిల్లకు కొత్తగా పెళ్లయినట్టుంది. పొట్లం తెచ్చి ముందు పెట్టింది. విప్పి మడిచిన గుర్తులున్నాయి గానీ, పొడి చెంచాడు కూడా తగ్గలేదు. వాడలేదంటే నచ్చలేదని రాయడం మామూలు. కలం తీశాను. సరోజక్క గోడకానుకుని కూర్చుని నన్నే చూస్తోంది.

"వండలేదామ్మా?" అన్నాను.

లేదన్నట్టు తలూపింది. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వచ్చి, అరుచుకుంటూ వెళ్లిపోయింది. మీ ఆయనే వంటలు చేస్తాడా ఏం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. పళ్లు బిగించాను. అన్ని మాటలు మింగితే కడుపు నిండుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి ఆ పిల్ల పొట్లం వైపు చూస్తూ అంది. "మా అమ్మ ఇట్లనే వేయిస్తాది అన్నా, ధనియాలు. మొన్న ఆడిమాసంలో చచ్చిపోయింది. దినం విప్పి వాసన చూసి మళ్లీ మడిచి పెట్టేస్తా. వండితే అయిపోతాది గదా."

మిగిలింది వెనక్కి తీసుకోవాలన్నది నియమం. పొట్లం నిండుగా ఉంది. నేను సరోజక్క వైపు చూశాను. ఆమె లేచి వచ్చి, పొట్లాన్ని చిన్న త్రాసులో పెట్టి తూచి, నాచేత అంకె రాయించి, తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "తూయడం అయిపోయింది. ఇది నీ దగ్గరే ఉండనీ అమ్మా," అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా టికెట్టు కూడా తనే తీసింది.

మర్నాడు మేనేజరు నా కాగితం పట్టుకుని, వాడింది సున్నా, ఇష్టం మాత్రం అన్నిటికంటే ఎక్కువ, ఇదేం లెక్క అన్నాడు. సరోజక్క మొదటినుంచీ చెప్పింది. ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టి, వీణ్ని ఉంచుకోండి అన్నాడు. ఆ పొడి బజారులోకి వచ్చిందో లేదో నాకు తెలియలేదు. వచ్చినా ఏ పేరుతో వచ్చిందో తెలియదు. ఆ పిల్లకు దొరికి ఉంటే బాగుండునని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఆ తర్వాత ఎన్నో వస్తువుల కోసం ఎన్నో గుమ్మాలు ఎక్కాను. సబ్బులు, చెప్పులు, మిక్సీలు. ప్రశ్న అడగడం, ఆగడం. ఇంట్లో కూడా అంతే. కూతురు కాలేజీ నుంచి మొహం వేలాడేసుకుని వస్తే, ఏమైందని ఒకసారి అడిగి దాని పక్కన కూర్చునేవాణ్ని. ఎప్పుడో ఒకప్పుడు చెప్పేది. ఇప్పుడు సరోజక్క లేదు. గొప్ప సంగతులేవీ నేను ఆమె దగ్గర నేర్చుకోలేదు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా కూర్చోవడం నేర్చుకున్నాను. అది ఇంకా పూర్తిగా రాలేదు కూడా.

ఆమె ఉద్యోగం మానేసిన రోజు ఆఫీసులో చిన్న సభ పెట్టి, వీడైతే అందర్నీ నవ్విస్తాడని నన్ను లేపారు. వారం నుంచి తయారుచేసుకున్న జోకులున్నాయి. నిలబడ్డాను. ఒక్కటీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది, అందరూ నా మొహమే చూస్తున్నారు. ఎవరో పాపమని చప్పట్లు మొదలుపెట్టబోతే సరోజక్క చెయ్యెత్తి ఆపింది. చివరికి "క్షమించక్కా, చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు," అని కూర్చోబోయాను.

"ఏమీ లేదా?" అంది సరోజక్క. "ఇంతసేపూ చెప్తానే ఉంటివి గదరా, నేను వింటానే ఉండా."