సహనం లేని మా బాటనీ మేడం

మేడం పోయిందని నాకు చెప్పింది రుద్రంగి ఊరి తమ్ముడు. నా తోడబుట్టినవాడు కాదు. ఇద్దరం క్యాన్సర్ నుంచి బయటపడి, ఒకే మనిషి చేత తిట్లు తిని డిగ్రీ పూర్తి చేసినవాళ్లం కాబట్టి అక్కాతమ్ముళ్లమయ్యాం. నేను ఇప్పుడు సిరిసిల్లలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతున్నాను. క్లాసులో ఉండగా ఫోన్ ఆగకుండా మోగితే వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అక్కా, మేడం పోయింది."

"ఎటు పోయిందిరా?" అన్నాను. నిజంగానే అలా అడిగాను. ఆమె ఎప్పుడూ ఎవరి పని మీదో ఎటో ఒకచోటికి పోతూనే ఉండేది మరి. వాడు ఏడుపు మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్లుగా ఛాతీలో మంటగా ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకుందట. ఆ పొద్దున పెరట్లో చెట్లకు నీళ్లు పడుతూ అక్కడే కూలిపోయిందట. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, కోపం. మాలో ఎవరైనా చెకప్ తప్పితే ఇంటికి వచ్చి మరీ పరువు తీసిన మనిషి, తన గుండె విషయంలో మాత్రం సోడాబుడ్డితో సరిపెట్టుకుందా?

సంతాపసభకు కోరుట్ల వెళ్లేసరికి మేము చదువుకున్న డిగ్రీ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. మేడం పాత ఫొటో, కింద పెద్ద అక్షరాలతో "సహనమూర్తికి అశ్రునివాళి" అని ఉంది. అది చదివాక ఏడుపు కూడా రాలేదు. ఆమెకు సహనం లేదు. ఒక్క పూట కూడా లేదు. లేదు కాబట్టే నేను చదువుకున్నాను. చచ్చిపోగానే మనిషి మీద ఇలా చక్కెర చల్లడం ఎవరు నేర్పారో మనకు.

ఆమె ఎలాంటి మనిషో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

మా బాపు సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడు. పొద్దంతా ఆ మరమగ్గాల మోతలో ఉండి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. నేను కోరుట్ల డిగ్రీ కాలేజీలో చేరి, హాస్టల్లో ఉంటున్న మొదటి ఏడాదే నా మెడ పక్కన గడ్డ లేచింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. హైదరాబాదులో మందులు ఎక్కించారు, తర్వాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. అన్నీ అయ్యాక డాక్టరు నవ్వుతూ "ఇక వెళ్లి చదువుకో" అన్నాడు. జబ్బు నయమైన పిల్ల కాలేజీలో ఎలా నిలబడాలో చెప్పే డాక్టరు మాత్రం ఎవరూ లేరు.

బాపు నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. నా తలకు స్కార్ఫు, కింద అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు. ప్రిన్సిపాల్ సారు చెడ్డవాడేం కాదు. చాలా మెత్తగా మాట్లాడేవాడు. ఆ మెత్తదనం మీదే నాకు ఇప్పటికీ మంట.

"పాపం, బిడ్డ శానా కష్టపడ్డది. ఇంట్ల రెస్ట్ తీసుకోనియ్యి. సైన్సంటే ప్రాక్టికల్స్ ఉంటయి, నిలవడాలె. ఇంటి కాడినుంచి బీఏ కట్టుకుంటది తీయి" అన్నాడు.

బాపు తల ఊపాడు. పెద్దవాళ్లు చెబితే బాపు ఎప్పుడూ తల ఊపేవాడు. అప్పుడే ఏదో పని మీద లోపలికి వచ్చిన బాటనీ మేడం తలుపు దగ్గరే ఆగిపోయింది. పొట్టి మనిషి. గంజి పెట్టిన కాటన్ చీర, భుజానికి సంచి.

"ఇంట్ల ఉంచుకొని ఏం చెయ్యాలె సర్? ఎప్పుడు పోతదా అని చూసుకుంట కూసోవాల్నా?"

గదిలో ఎవరూ అంత మాట ఊహించలేదు. ఆమె నా వైపు తిరిగింది. "బిడ్డా, నీకు చదువాలని ఉన్నదా? మీ బాపుకు గాదు, నీకు?"

"ఉన్నది మేడం."

"మరి గీడ నిలవడ్డవేంది? క్లాసు టైమయితుంది, పా."

అంతే. నేను వెనకే నడిచాను. మెట్ల దగ్గర నాకు ఆయాసం వచ్చి ఆగాను. ఆమె కూడా ఆగింది. మర్నాటి నుంచి మా క్లాసు కింది గదికి మారింది. "పై గదిల ఫ్యాను మంచిగ లేదు" అని అందరికీ చెప్పింది. ఆ ఫ్యాను శుభ్రంగా తిరిగేది.

ఆమె ముందు "పాపం" అన్నవాళ్లకు పట్టపగలు చుక్కలు కనిపించేవి. "పాపమని నోట్లె అనకుండ్రి, లేసి కుర్చీ ఇయ్యిండ్రి" అనేది. మందుల వల్ల నాకు నిన్న చదివింది ఇవాళ గుర్తుండేది కాదు. పుస్తకం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఓదార్చలేదు. "యాదికి లేకుంటే మళ్ల చదువు. యాదిమరుసుడు వేరు, తెలివి లేకపోవుడు వేరు. గా రెంటినీ ఒక్క తీరు జూసెటోళ్లకు తెలివి లేనట్టు" అంది. ఆ మాట నాకు ఏ మందు కన్నా ఎక్కువ పని చేసింది. ఇప్పుడు నా క్లాసులో వెనక కూర్చునే పిల్లలకు అదే మాట చెబుతున్నాను.

హాస్టల్లో నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టారు. బాత్రూములో నా తర్వాత ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మేడంకు నేను చెప్పలేదు, ఎవరో చెప్పారు. హాస్టలుకు వచ్చి గొడవ చేస్తుందని భయపడ్డాను. రాలేదు. ఆ వారం కణవిభజన పాఠం రెండోసారి చెప్పింది, బోర్డు పగిలేలా చాక్‌పీసు కొడుతూ. తర్వాత పెట్టిన స్లిప్ టెస్టులో మొదటి ప్రశ్న "క్యాన్సర్ అంటువ్యాధి కాదు, ఎందుకో రాయుము." హాస్టల్ పిల్లలంతా అది రాయవలసి వచ్చింది. సరిగ్గా రాయనివాళ్లతో మళ్లీ రాయించింది. సరిగ్గా రాసినవాళ్లను మాత్రం లేపి, "రాసుడు అచ్చింది గదా, ఇగ కంచం ఎందుకు వేరువెట్టిన్రు?" అని అడిగింది. ఆ రాత్రి నా కంచం అందరి కంచాల్లో కలిసిపోయి ఉంది.

ఆ తర్వాత ఉద్యమం ఉధృతమైంది. బస్సులు డిపోల నుంచి కదలలేదు, కాలేజీలు తెరవలేదు, రోడ్ల మీదే వంటావార్పు. మేడం మిగతా లెక్చరర్లతో కలిసి దీక్షా శిబిరంలో కూర్చునేది. తెలంగాణ అంటే ఆమెకు ప్రాణం. మేమూ వెళ్లి నినాదాలిచ్చాం. నా గొంతు తొందరగా పోయేది, పెదాలైనా కదిపేదాన్ని.

సరిగ్గా అప్పుడే నేను హైదరాబాదుకు స్కానింగుకు వెళ్లాల్సి వచ్చింది. బాపు సిరిసిల్ల నుంచి కోరుట్లకు వచ్చే దారి లేదు. మేడం ఒక జీపు మాట్లాడి, దారిలో సిరిసిల్లలో బాపును ఎక్కించుకుందామని నన్ను తీసుకుని బయలుదేరింది. రుద్రంగి దాటాక రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, టైర్ల పొగ, నా వయసు కుర్రాళ్లు. మేడం దిగి, దవాఖానకు పోవాలని చెప్పింది. వాళ్లలో ఒకడు జీపులోకి తొంగి చూశాడు.

"ఏం బీమారి మేడం? మంచిగనే కనవడుతున్నదిగా పిల్ల. దవఖాన పేరు జెప్పి అందరు పోతున్నరు."

నాకు ఒళ్లంతా మండింది. మెడ చుట్టూ ఉన్న చున్నీ విప్పి, కోసిన మచ్చ, కరెంటుకు నల్లబడ్డ చర్మం వాడికి చూపిద్దామని చెయ్యెత్తాను. మేడం నా చెయ్యి పట్టుకుంది.

"చూపియ్యకు. నీ మెడ గీళ్లకు పాసు గాదు."

తర్వాత వాళ్ల వైపు తిరిగింది. "నేను పొద్దుగాలదాక దీక్షల కూసున్నదాన్నే. తెలంగాణ అస్తది. గప్పుడు గీ పిల్ల ఉండద్దా? ఎవలకోసం తెస్తున్నర్రా మీరు? ఖాళీ రోడ్ల కోసమా?"

బండి మాత్రం కదల్లేదు. పక్కన పొయ్యి మీద అన్నం వండుతున్న, బీడీలు చుట్టే ఒక అవ్వ గరిటె పట్టుకునే లేచి వచ్చింది. "దవఖానకు వొయ్యే ఆడివిల్లను ఆపుడేం కొట్లాట రా? జరుపుండ్రి బండి" అని తనే కాడి మీద చెయ్యి వేసింది. అప్పుడు కుర్రాళ్లు సిగ్గుపడి బండి జరిపారు. స్కానింగులో ఏమీ లేదని వచ్చింది. తిరిగి వస్తుంటే మేడం మళ్లీ అదే చోట జీపు ఆపించి, వాళ్ల పక్కన రోడ్డు మీద కూర్చుని అన్నం తింది. నేను జీపులోంచి చూస్తూ ఉన్నాను. వాళ్ల మీద కోపం, వాళ్ల మీద ప్రేమ రెండూ ఆమెలో ఒకేసారి ఉండేవి. నాకు అప్పుడు అది చేతకాలేదు.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. సమ్మె వల్ల పోయిన రోజులకు పిల్లలందరికీ హాజరు వేశారు. వేయాల్సిందే. కానీ నేను ఆస్పత్రిలో ఉన్న రోజులకు మాత్రం వెయ్యం అన్నారు. హాజరు తక్కువ, పరీక్షకు పనికిరానన్నారు. మేడం నన్ను తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"రోడ్డు మీద కూసున్నోళ్లకు హాజరేసిన్రు, సంతోషం. నేను గూడ కూసున్న. దవఖానల పండుకున్న పిల్లకెందుకెయ్యరు సర్? ఆమె ఏమన్న సినిమాకు వొయ్యిందా?"

"రూల్ ఉన్నది మేడం. అది సర్కారు జీవో, ఇది సొంత కారణం."

"సావు బతుకుల నడుమ ఉండుడు సొంత కారణమా?"

"కూసోండ్రి మేడం, చాయ్ తాగుండ్రి" అన్నాడాయన, ఎప్పటిలాగే మెత్తగా.

మేడం చాయ్ తాగలేదు. జగిత్యాల, కరీంనగర్ తిరిగింది, పెద్ద ఆఫీసుల మెట్లు ఎక్కింది. ఏమీ కాలేదు. నా తోటివాళ్లు పరీక్ష రాస్తున్న పొద్దు నేను హాస్టల్ గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె వచ్చి నా మంచం మీద కూర్చుంది. ధైర్యం చెబుతుందనుకున్నాను. "నేను ఓడిపోయిన, బిడ్డా" అని మాత్రం అంది. నా వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంది. నాకు ఏడాది పోయింది. ఆమెకు జగిత్యాల బదిలీ వచ్చింది. నోరు పెద్దదని పంపించారని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

జగిత్యాల వెళ్లినా వదలలేదు. ఆదివారాలు ఆమె ఇంటి ముందు గదిలో నాలాంటివాళ్లం చేరేవాళ్లం. రుద్రంగి తమ్ముడు అక్కడే పరిచయమయ్యాడు. మోకాలి ఎముకకు క్యాన్సర్ వచ్చి ఆపరేషనయినవాడు, కాలు ఈడ్చి నడిచేవాడు. అక్కడ రిపోర్టుల మాట ఎత్తకూడదు. చదవాలి, తినాలి, పోట్లాడుకోవాలి. వాడికీ హాజరు తక్కువైంది. ఈసారి మేడం పరీక్షల దాకా ఆగలేదు. ముందే వెళ్లి, సంతకం పెట్టే అధికారి గది ముందు బెంచీ మీద రోజూ కూర్చుంది. మధ్యాహ్నం అక్కడే సద్ది విప్పేది. మామిడికాయ తొక్కు వాసనకు ఆఫీసంతా ముక్కులు ఎగరేసేదట. చివరికి ఆయన విసిగి సంతకం పెట్టాడు. "నీ పనిల ఓడిపోయి నేర్సుకున్న, వాని పనిల గెలిచిన" అంది నాతో. నా ఏడాది ఊరికే పోలేదని అలా చెప్పింది. నేను దానికి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పోయిన ఏడాది పోయినట్టే.

సంతాపసభకు ఆ పాత ప్రిన్సిపాల్ సారు కూడా వచ్చాడు. రిటైరై చాలా ఏళ్లయింది, జుట్టంతా నెరిసింది. మైకు ముందు నిలబడి, అదే మెత్తని గొంతుతో, "ఆ సహనమూర్తికి నేను ఎల్లప్పుడూ అండగా ఉన్నాను. రోగాలతో వచ్చిన పిల్లలను మేమిద్దరం కలిసి చదివించాం" అన్నాడు. పక్కన రుద్రంగి తమ్ముడు నా కొంగు పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడ్డాను.

"సార్, మేడంకు సహనం లేకుండె. సహనం మీకుండె. నా ఏడాది పోతుంటే మీరు సహనంగ కూసొని చూసిన్రు."

"అప్పుడు నా చేతుల ఏం లేకుండె అమ్మా" అన్నాడాయన.

"మేడం చేతుల గూడ ఏం లేకుండె సార్" అన్నాను.

వెనక ఎవరో "సావు కాడ గిట్ల మాట్లాడుతరా" అన్నారు. మాట్లాడతారు. మాట్లాడకుండా దండ వేసి వచ్చి ఉంటే, పైనుంచి దిగి వచ్చి మరీ తిట్టేది మా మేడం.

నేను ఆమెను చివరిసారి చూసింది ఈ ఏడాది కాలేజీలు తెరిచిన రోజుల్లో, జగిత్యాల బస్టాండులో. వెంట గొల్లపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి. కొత్తగా మందులు ముగిసి, కరీంనగర్ కాలేజీకి మొదటి రోజు వెళుతోంది. జుట్టు వేలెడు కూడా పెరగలేదు, స్కార్ఫు కట్టుకోలేదు. బస్సు కిక్కిరిసి ఉంది. మేడం కిటికీ కింద నిలబడి లోపల సీటు మీద బ్యాగు పెట్టుకున్న ఒకతని మీద అరుస్తోంది.

"బ్యాగు తీసి పిల్లకు జాగియ్యి!"

"ఎందుకియ్యాలె?"

"నిలవడ్డది గన్క!"

అతను బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాడు. అమ్మాయి కూర్చుంది. బస్సు కదిలింది. ఆ అమ్మాయి కిటికీ అద్దం జరిపి ముఖం గాలికి పెట్టింది, వెనక్కి చూడలేదు. మేడం చెయ్యి ఊపలేదు. కళ్లకు ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, బస్సు మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడింది. నేను రోడ్డుకు అవతల ఉన్నాను, ఇందాకటి అరుపులు వినపడ్డాయి గానీ ఇప్పటి మాటలు వినపడలేదు. పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఇంకా ఎవరినో తిడుతూనే ఉంది.