గోళ్లలో మిలిటరీ పచ్చ

మిలిటరీ వేలంలో కొన్న జీపును రిజిస్టర్ చేయమంటే, ఆర్టీఓ ఆఫీసు గుమాస్తా దాని ఫొటో చూసి మూడుసార్లు నా కాగితాలు విసిరేశాడు. కారణం చెప్పలేదు. రోడ్డెక్కితే బండిని పట్టుకుంటామన్నాడు. అతనిపై ఫిర్యాదు రాసి, పై అధికారికి ఇద్దామని జేబులో పెట్టుకుని, ఊరిగాంలో కోలారు బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన ఉన్నట్టుండి నా చేయి పట్టుకుని గోళ్లు చూశాడు.

“ఈ పచ్చరంగు యాడిదప్పా?”

“మిలిటరీ జీపుది. వెలిసిపోయింటే మళ్లీ అదే పూసినాను.”

“అయ్యో సామీ! ఆ రంగు మిలిటరీకి తప్ప ఇంగెవురికీ కూడదు. ఆ రంగుతో రోడ్డెక్కితే బండిని పట్టుకుంటారు!”

బస్సంతా వినేలా నవ్వాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాను. ఆయన పేరైనా అడగలేదు.

తెల్లరంగు పూశాక జీపు రిజిస్టరై, ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతోంది. ఆ నవ్వును క్షమించాను. ఆ ఒక్క మాట చెప్పని గుమాస్తా మీద రాసిన ఫిర్యాదును మాత్రం చించలేదు.