సెంట్రింగ్ విప్పిన రోజు

ఈ ఉదయం ఎదురింటి కొత్త స్లాబు కింద ఆధారంగా కట్టిన సెంట్రింగ్ విప్పుతున్నారు. తడి కర్ర వాసన, మేకులు ఊడే కీచు, పలకలు నేలమీద పడే చప్పుడు. గోదావరిఖనిలో ఇంత మామూలు చప్పుడుకు చాయ్ చల్లారబెట్టుకునే మనిషిని నేనొక్కడినే అయి ఉంటాను. మా ఓదెలు కాక ఈరోజు ఉంటే ఇద్దరం అయ్యేవాళ్లం.

కాక మా భూగర్భ గనిలో సర్దార్. కప్పు భద్రంగా ఉందని తేల్చుకున్నాకే మనుషులను లోపలికి పంపడం ఆయన పని. డిగ్రీ చదివి చేరిన నేను, మొదటి రోజు భయం కనబడకుండా జోకులు వేశాను. ఆయన ఒక్కదానికీ నవ్వలేదు. చేతికర్రతో కప్పును కొట్టి, "నోరు మూసుకొని ఇను తమ్మీ. గంట లెక్క మోగితే గట్టిది. బోలుగ పలికితే ఉరుకు" అన్నాడు. పదిహేనేళ్ల చదువులో ఏ మాస్టారుకూ చేతకాని పని అది, నా నోరు మూయించడం.

ఆయన రిటైరై, నేను చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్య కూడా పోయి, ఒంటరిగా ఉంటున్న రోజుల్లో గుండె నాళం ఒకటి పూడుకుంది. హైదరాబాద్ దవాఖానలో కరిగిపోయే స్టెంటు వేశారు. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది: "ఈ జాలీ నాళాన్ని తెరిచి పట్టుకుంటుంది. కొన్ని నెలల్లో దానిమీద మీ ఒంటి పొరే కప్పుకుంటుంది. నాళం గట్టిపడ్డాక, రెండు మూడేళ్లకు జాలీ కరిగిపోతుంది."

"కరిగి ఏమైతది?"

"నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ గ్యాసు."

కాక నావైపు తిరిగాడు. "బొగ్గుబాయిల మనుషులను తినేటియి గా రెండే గద తమ్మీ!"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గనిలో బొగ్గు తీశాక ఆధారపు కర్రలు లాగేస్తే కప్పు కూలుతుంది. జన్మంతా అదే చూసినవాడు, ఆధారం పోయాక కూడా నిలిచే కప్పును ఎట్లా నమ్ముతాడు? రెండో నెలకే మందులు మానేశాడు. "ఎట్లైనా కూలేదాయె, గోలీలు దేనికి?" అన్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే నన్నే తిట్టింది. పొర కప్పుకోకముందు గోలీలు ఆపితే జాలీలోనే రక్తం గడ్డకడుతుందట. ప్రాణం పోవడానికి అది చాలట.

మర్నాడు కాకను పక్క వీధిలో సెంట్రింగ్ విప్పుతున్న ఇంటికి తీసుకెళ్లాను. ఆఖరి కర్ర తీసేదాకా ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు. స్లాబు కదల్లేదు.

"ఎట్ల ఆగింది మేస్త్రీ?"

"ఇన్ని దినాలు నీళ్లు వట్టి గట్టి చేసినం గద కాకా. ఇగ దాని బరువు అదే మోస్తది."

"జల్ది తీస్తే?"

"మనమీదనే వడుతది."

కాక లోపలికి నడిచి, కర్ర ఎత్తి స్లాబును కొట్టి, తల వంచి చాలాసేపు విన్నాడు. "మోగుతాంది" అన్నాడు. తర్వాత జేబులు తడుముకుంటూ, "నా గోలీలు ఏడ వెట్టిన?"

ఆరోజు నుంచి సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి, "గోలీ ఏసుకున్నవా కాకా?" అని అడిగేవాణ్ని. జవాబుగా ఫోన్ మీద వేలితో రెండుసార్లు టక్ టక్ మనిపించేవాడు. మా సంభాషణ అంతే.

మూడేళ్లు దాటాక పరీక్ష చేశారు. జాలీ జాడ లేదు. నాళం తెరుచుకునే ఉంది, తనంతట తానే ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఇక ఒక్క గోలీ చాలన్నారు. దవాఖాన మెట్లమీద కాక, "ఇగ ఫోన్ చెయ్యకు తమ్మీ, సపోర్టు తీసేసిన్రు గద" అన్నాడు. ఆయన వేసిన ఒకే ఒక్క జోకు. ఆ ఒక్క గోలీని సాకుగా పెట్టుకుని నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మా ఇంట్లో కూడా నన్ను మాట్లాడించేవాళ్లు లేరని ఆయనకు చెప్పలేదు. తెలిసే ఉంటుంది, ఒక్కరోజూ టక్ టక్ తప్పలేదు.

పోయిన చలికాలం ఊపిరితిత్తులు ఆయన్ను తీసుకుపోయాయి. నాళానికి చివరిదాకా ఏమీ కాలేదు.

చల్లారిన చాయ్ వదిలేసి, కాక చేతికర్ర పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. ఆఖరి కర్ర తీశాక స్లాబును కొట్టాను. మేస్త్రీ ఏమిటన్నట్టు చూశాడు. జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని ఇంకోసారి కొట్టి, విన్నాను.