ఎదురుగా ఎవరూ రాని రోడ్డు

అక్కయ్య పోయిందని పోయిన వారం నోవై ఊరి నుంచి బావగారు ఫోన్ చేశారు. ఉదయం కాఫీ కలిపి తీసుకెళ్తే లేవలేదట. వరసకు నా తోడికోడలే అయినా, పెళ్లై ఈ దేశం వచ్చిన రోజు నుంచీ ఆవిడ నాకు అక్కయ్యే.

అంత్యక్రియల నాడు అందరూ ఆవిడ పసిపిల్లల డాక్టరుగా చేసిన మంచిని తలుచుకున్నారు. ఆవిడ దగ్గర మందు తాగి పెరిగినవాళ్లు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. కారు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. చాలామందికి తెలియదు కూడా. తెలిసినదాన్ని, నేను చెప్పాలి.

డెబ్బైల చివర్లో, నేను వచ్చిన మొదటి చలికాలం. అక్కయ్య ఆస్పత్రి నుంచి ఇంటికొస్తుంటే ఎదుటి లేన్‌లోని ట్రక్కు మంచు మీద జారి నేరుగా ఆవిడ మీదికి వచ్చింది. స్టీరింగ్ పక్కకి తిప్పేయడంతో కారు రోడ్డు దిగి గుంటలో పడింది. ప్రాణం దక్కింది. భుజం దగ్గర ఎముక విరిగింది. వేసవి వచ్చేసరికి ఎముక అతుక్కుంది కానీ, ఎదురుగా ఏ బండి కనబడినా చేతులు బిగుసుకుపోయేవి. కారు పక్కకి ఆపేసి, ఆ బండి వెళ్లిపోయాక కూడా అలాగే కూర్చుండిపోయేది.

కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేని ఊరు అది. బావగారే ఆవిణ్ణి దింపి, తన ఆఫీసుకి వెళ్లి, మళ్లీ తీసుకొచ్చేవారు. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డ కోసం ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. టాక్సీ కోసం గుమ్మంలో నిలబడి నిలబడి, ఆవిడ వెళ్లేసరికి వేరే డాక్టరు ఆ బిడ్డను దక్కించాడు. మర్నాడు అక్కయ్య మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఇక రిజైన్ చేసేస్తానని మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనమే నన్ను భయపెట్టింది.

ఆ రోజుల్లోనే ఆస్పత్రిలో ఒక నర్సు, సెలవు రోజుల్లో తనూ తన భర్తా వెళ్లే డ్రాగ్ స్ట్రిప్ అనే కార్ల పందేల చోటు గురించి చెప్పిందట. రెండే రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చలైటు వెలగగానే పావు మైలు తిన్నగా పరిగెత్తడం, అంతే. అక్కడ ఎదురుగా ఎవరూ రారు డాక్టర్, అందట.

బావగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఎన్నాళ్లో కోరుకుని ఆ ఏడాదే రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కున్నారు. ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్తారా అని అక్కయ్య అడిగితే, ఎందుకని అడగలేదు. "టైర్లలో గాలి చూస్తాను," అని గరాజ్‌లోకి వెళ్లిపోయారు.

వాళ్లు ఎర్ర కారులో, మా ఆయనా నేనూ వెనక మా కారులో వెళ్లాం. అక్కడున్నవన్నీ ఇంజన్లు విప్పి బిగించుకున్న బండ్లు. ఎర్ర కారు షోరూమ్ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. తనిఖీ చేసే పెద్దమనిషి సీటు బెల్టు, బ్రేకులు చూసి, అక్కయ్య చీర వైపు చూసి, ఆ చివర లోపలికి దోపుకోండి మేడమ్ అన్నాడు. అరువు హెల్మెట్ ముడి మీద కూర్చోలేదు. అక్కయ్య ముడి విప్పి జడ అల్లుకుంది. కిటికీ అద్దం మీద బూట్లకు వేసే తెల్ల పాలిష్‌తో నంబరు రాశారు. అక్కయ్య ఒక్కతే ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చుంది.

పచ్చలైటు వెలిగింది. పక్క కారు రివ్వున పోయింది. ఎర్ర కారు కదల్లేదు. జనంలో ఎవరో ఈల వేశారు. మా ఆయన లేవబోతే బావగారు చెయ్యి పట్టి ఆపారు. కాసేపటికి కారు కదిలి, సైకిల్ మీద వెళ్తున్నంత నెమ్మదిగా ఆ రోడ్డంతా నడిచి వెళ్లింది. తిరిగొచ్చాక, ఇంటికి వెళ్దామా అక్కయ్యా అని అడిగాను.

"ఇంకోసారి," అంది. మళ్లీ వెళ్లి లైన్‌లో నిలబడింది.

రెండోసారి కొంచెం జోరుగా వెళ్లింది. ఆ తరవాతిసారి లైటుతోపాటే కదిలింది. ఇంజను చప్పుడు మారుతుంటే బావగారు పెదవుల్లోనే గేర్లు లెక్కపెట్టుకోవడం నాకు కనిపించింది. పందెం ఓడిపోయింది. అది మాకెవరికీ పట్టలేదు.

తిరిగొచ్చే దారి వేరే ఉంటుంది, సన్నది. కారు దిగి హెల్మెట్ తీస్తున్నప్పుడు అక్కయ్య ముఖం పాలిపోయి ఉంది.

"వెనక్కొచ్చే రోడ్‌లో ఎదురుగా ఒక ట్రక్ వచ్చిందండీ," అంది బావగారితో. "పాడైన కారుని తేవడానికి వెళ్తోంది."

"ఆపేశావా?"

"లేదు. అది దాటిపోయాక గుర్తొచ్చింది, నేను ఆపలేదని."

బావగారు తల తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇంటికి బయల్దేరేటప్పుడు ఎర్ర కారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, వచ్చి మా కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఎర్ర కారులో అక్కయ్య పక్కన నేను కూర్చున్నాను. బండి ఎదురొచ్చిన ప్రతిసారీ ఆవిడ వేళ్లు బిగుసుకుని, మళ్లీ సడలేవి. దారంతా రాత్రికి ఏం వండాలో మాట్లాడుతూనే ఉంది.

రాజీనామా మాట మళ్లీ రాలేదు. ఎనభైల్లో ప్రతి వేసవీ ఏదో ఒక ఆదివారం ఆ కారుని అక్కడికి తీసుకెళ్లేది. వెడల్పు టైర్లు వెయ్యండి, ఇంజను మార్చండి అని అక్కడివాళ్లు సలహా ఇస్తే నవ్వి ఊరుకునేది. "నాకిచ్చినదాంతో ఎంత దూరం వెళ్తానో చూసుకుంటున్నా," అనేది నాతో. దాదాపు ఎప్పుడూ ఓడిపోయేది. ఒక్కసారి గెలిచింది, అదీ అవతలి కారు మధ్యలో ఆగిపోవడం వల్ల. దాన్ని గెలుపు కింద జమ వేసుకోలేదు.

కొత్తగా వచ్చి డ్రైవింగ్ అంటే వణికే తెలుగు ఆడపిల్లలకి, నాతో సహా, ఆవిడే నేర్పింది. "భయం పోయాక నడుపుతానంటే అది పోదమ్మాయ్. నువ్వు వెళ్తూ ఉండు, అదే ఎక్కడో దిగిపోతుంది," అనేది. అరిచి ఎరగదు. మనం బ్రేక్ గట్టిగా తొక్కితే, కిందపడ్డ హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకుని, ఊఁ పద అనేది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఒక వేసవి మధ్యాహ్నం కనిపిస్తుంది. అప్పుడే వాన వెలిసింది. పందేలు ఆపేసి అందరూ ట్రాక్ ఆరడం కోసం చూస్తున్నారు. ఎండకి నల్లటి రోడ్డు మీద సన్నగా ఆవిరి లేస్తోంది. అక్కయ్య కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టుకుని పందెం మొదలయ్యే గీత దాకా నడిచి వెళ్లి, వంగి, రోడ్డు మీద అరచెయ్యి ఆన్చింది. చాలాసేపు అలాగే ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు.