గోబీపువ్వుకు కట్టిన ఎర్ర పేలిక

మా అమ్మ గోబీ మడి సగం మీద మొన్న మా గల్లీ కమిటీవాళ్లు సిమెంటు పోసిండ్రు. బండ్లు పెట్టుకోనీకె జాగ కావాల్నట. అడగలే, చెప్పలే. మిగిలిన సగం సోమవారం పోస్తరట...

మా చిన్నప్పుడు... ఈ బమ్రోలి మిల్లుల బస్తీల మా రూముల ఎనుక అంత చెత్తకుప్ప. అమ్మ ఆ చెత్త ఎత్తిపోసి, రాళ్లు ఏరి, దీపావళి దాటినంక గోబీ నారు పెట్టేది. హోలీ దగ్గరికొస్తే కోసేది. నడుమ చలికాలమంతా ఆమె పానం గా మడిలనే.

బాపు సాంచల మీద బట్ట నేసేటోడు. అంచు కత్తిరిస్తే పడే పేలికలు జేబుల కుక్కుకొచ్చేటోడు. పువ్వు పిడికిలంత కాంగనే, అమ్మ చుట్టున్న ఆకులు మీదికి మలిపి ఆ పేలికతోని కట్టేది... ఎండ తగలకుండ. ఎర్రవి ముందుగాల కట్టినయి, నీలంవి తర్వాతియి. అక్షరం రాని మనిషి, రంగు చూసి ఏది ఎప్పుడు కోయాల్నో చెప్పేది.

లోపల ఏముందో పక్క రూము దోస్తుకు చూపెడదామని నేను ఒకటి విప్పిన... మళ్ల కట్టుడు మరిచిన. నాలుగు రోజులకు పువ్వు పసుపు రంగుకు తిరిగింది. అమ్మ కొట్టలే. దాన్నే వండి నా పళ్లెంల ఏసింది.

"తిను కొడుకా, రుచేం పోలే. నీ దోస్తుకు గూడ ఇంత పెట్టు... పాపం, అంత కష్టపడి చూసిండు."

తెల్లారి ఎర్ర పేలికలు విప్పింది. నేను పక్కనే కూసున్న. ఆకులు తెరుసుకున్నయి...

రంగుల మిల్లుల పొగకు మా గల్లీల ఆరేసిన తెల్లంగి పొద్దుగూకేసరికి మసివట్టేది. గసుంటి గాలిల, గసుంటి మట్టిల... ఒక్క మచ్చ లేదు ఆ పువ్వు మీద. ముట్టనీకె భయమైంది. చేతులు లాగుకు తుడుసుకున్న. ఇప్పటికీ అంత తెలుపు నేను యాడ చూడలే.

ఇప్పుడు నేను గూడ సాంచల మీదనే. పేలికలు నేనే తెస్తున్న. మిగిలిన సగంల పదకొండు పువ్వులు కట్టి ఉన్నయి. ఆఖరిది నీలం పేలిక... ఇంక పన్నెండు రోజులు ఆగాలె.

చెత్తున్నప్పుడు ఎవ్వనికి కనవడని జాగ, అమ్మ సాఫ్ చేసినంక అందరికి కనవడ్డది.

మా మడిల పువ్వు తిన్నోళ్లు ఈ పోస్టు కింద మీ యాది రాయుండ్రి... కమిటీ పెద్దలు గూడ చదవాలె, వాళ్లిండ్లల్ల గూడ వండిండ్రు గదా. నేనడిగేది ఒక్కటే. ఆ నీలం పేలిక మా అమ్మ చేతులే విప్పాలె, అందాక సిమెంటు రావద్దు. ఆదివారం పొద్దుగూకేలోపు జవాబు ఇక్కడ్నే, అందరి ముంగట రాయుండ్రి.