ఊరంతా కోడికూర

ఇప్పుడంటే నాలుగు పరీక్షలు చేసి కాగితం చేతిలో పెడుతున్నారు గానీ, ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, ఊళ్ళోకి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలాలంటే గడపగడపా తొక్కాల్సిందే. ఆ తొక్కే కాళ్ళు నావి. శ్రీకాకుళం జిల్లాలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా కొత్తగా చేరాను. ఇస్త్రీ ప్యాంటు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, బుర్రలో ఒకే ఒక్క సూత్రం: జబ్బుపడ్డవాళ్ళంతా ఏం తిన్నారో కనుక్కో, అదే దొంగ.

కళింగపట్నం దగ్గర, వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే నన్ను తోలారు. "మొన్న ఏం తిన్నారు?" అని ఇంటింటా అడిగాను. "కోడికూర బాబూ!" అంది మొదటి ఇల్లాలు. రెండో ఇంట్లోనూ కోడికూరే. మంచం మీంచి లేవలేని ముసలాయన కూడా తలెత్తి, "కోడికూరే, ఇంకేటి తింటాం?" అన్నాడు. (ఆ ఇంటి పొయ్యి వైపు ఒక్కసారి చూసినా నా పరువు దక్కేది.) దొంగ దొరికాడన్న సంబరంలో రచ్చబండ దగ్గర నిలబడి "ఇదంతా కోళ్ళ వల్లే" అని ప్రకటించేశాను.

అక్కడ కోళ్ళు అమ్ముకుని బతికే ముసలమ్మ ఒకావిడ ఉంది, కోళ్ళ మామ్మ అనేవారు. సాయంత్రానికల్లా జనం ఆవిడ వాకిట్లో మూగి, తెల్లారగానే కోళ్ళన్నీ చంపి పాతెయ్యాలన్నారు. తాము తినలేదని ఎవరికి వారికి తెలుసు, అయినా పక్కవాళ్ళు తినే ఉంటారని అందరూ నమ్మారు! మామ్మ కోళ్ళగంప మీద రెండు చేతులూ వేసి, "ఒరే బాబూ, నా కోళ్ళు నీకేటి సేసేయిరా? ఈటిని సంపేస్తే నానేటి తిని బతకాల?" అంది. నేను మెల్లగా గుంపు వెనక్కి తప్పుకున్నాను. పైగా మర్నాటికి మరో రెండిళ్ళకి జబ్బు పాకింది.

అదృష్టం బాగుండి ఆ పొద్దున్నే జీపులో మా పైఅధికారి, డాక్టరమ్మ దిగారు. నూలు చీర, నల్ల గొడుగు. నేను చెప్పిందంతా విని, "ఊరంతా కోడికూర తింటే ఈకలేవయ్యా?" అన్నారు. చుట్టూ చూశాను, ఒక్క ఈకైనా లేదు. "ప్యాంటేసుకున్నవాడు గుమ్మంలో నిలబడి అడిగితే రాగి అంబలి తాగామని ఎవరు చెబుతారు? రా నాతో." ఆవిడ ఏ ఇంట్లోనూ ఆ ఇంటి తిండి గురించి అడగలేదు. "మీ పక్కింట్లో మొన్న ఏం తిన్నారమ్మా?" అన్నారంతే.

"ఆళ్ళింట కోడికూరేటమ్మా! సోడంబలి. అందులో సెలమ నీళ్ళు కలిపీసి తాగీనారు. నూతి దాకా నడవడానికి బద్ధకం!" పక్కింటికి వెళితే వాళ్ళు వీళ్ళ గుట్టు విప్పారు. మధ్యాహ్నానికి ఊళ్ళో వంటిళ్ళన్నీ వీధిలో ఉన్నాయి. జబ్బుపడ్డ ఇళ్ళవాళ్ళంతా ఏటి ఇసుకలో తవ్విన ఒకే చెలమ నీళ్ళు పచ్చివే కలుపుకున్నారు, నూతి నీళ్ళవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. ఏం బుర్రండీ బాబూ ఆవిడది! చెలమ పూడ్పించారు, నూతిలో బ్లీచింగు వేయించారు, నీళ్ళు కాచి తాగమని గడపగడపా చెప్పారు. జబ్బు తగ్గుముఖం పట్టింది. మామ్మ సంతోషం పట్టలేక మా కోసం ఒక కోడిని పట్టుకోబోతే, "వద్దు మామ్మా, గుడ్లు పెట్టనీ" అని ఆపారు. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ ఊళ్ళో నేను దణ్ణం పెట్టింది డాక్టరమ్మకే.

నాకిప్పుడు షుగరు, తిండికి పథ్యం. మొన్న ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టరమ్మ, "రాత్రి ఏం తిన్నారు తాతగారూ?" అని అడిగింది. "చోడి అంబలమ్మా" అన్నాను గంభీరంగా. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, మా ఆవిడ వైపు తిరిగింది. "మీరు చెప్పండి మామ్మగారూ."

"అంబలేటమ్మా! కోడికూర. అడిగి మరీ ఏయించుకున్నారు."

నాకు కోపం రావాలి నిజానికి. ఆ నల్ల గొడుగు గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశాను.